యక్షుడి గుట్ట... పేరు లేని గుట్ట

పెద్దపల్లి నుంచి మంథని పోయే బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే అదృష్టమే. బేగంపేట దగ్గర పడేసరికి రామగిరి గుట్టలు కనబడతాయి. వానాకాలమైతే మబ్బు దిగొచ్చి గుట్ట నెత్తిన కూర్చుంటుంది. పైన పాత కోట. కాకతీయుల నుంచి కుతుబ్‌షాహీల దాకా ఎందరి చేతులో మారిన కోట అది. జనం నోట్లో మాత్రం 'రామగిరి ఖిల్లా'.

బస్సు ఇంకాస్త ముందుకు పోతే మరో రకం గుట్టలు కనబడతాయి. వాటి మీద కోట లేదు, గుడి లేదు. మెట్లు మెట్లుగా పేర్చినట్టు, పైభాగం కత్తితో కోసినట్టు చదునుగా ఉంటాయి. ఓపెన్‌కాస్ట్ గనుల్లోంచి తవ్వి పోసిన మట్టి అది. సింగరేణి కాగితాల్లో దాని పేరు ఓబీ డంపు. ఓబీ అంటే ఓవర్‌బర్డెన్, బొగ్గు మీద బరువుగా పరచుకున్న మట్టీ రాయీ అన్నమాట. టన్ను బొగ్గు చేతికి రావాలంటే సగటున ఐదారు ఘనపు మీటర్ల మట్టి తీసి పక్కన పోయాలి. ఏళ్ళ తరబడి పోస్తే అదే గుట్టవుతుంది.

ఒక గుట్టకి వంద కథలున్నాయి. ఇంకో గుట్టకి సరైన పేరైనా లేదు. ఈ వారం ముచ్చట ఆ తేడా గురించే. అది చెప్పాలంటే ముందు మద్రాసు దాకా వెళ్ళి రావాలి. గుట్టలూ లోయలూ కట్టడంలో ఆరితేరిన ఒక మిస్టరీ రచయిత అక్కడే ఉండేవాడు మరి.

మిస్టరీ అనగానే మన ఇళ్ళలో పెద్దవాళ్ళకి గుర్తొచ్చేది పాకెట్ పుస్తకం. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు. ఆ తర్వాత మధుబాబు గారి షాడో. అద్దె పుస్తకాల షాపులో రోజుకింతని కట్టి తెచ్చుకుని, ఇల్లంతా వంతులేసుకుని చదివిన తరం ఇంకా మన మధ్యే ఉంది. మూడు షిఫ్టుల ఊళ్ళలో ఆ వంతులకి ఇబ్బందీ లేదు. నాన్న రాత్రి షిఫ్టుకు పోతే పుస్తకం అన్న చేతికొచ్చేది. అన్న కాలేజీకి పోతే అమ్మ చేతికి.

కానీ ఆ పుస్తకాల్లో గుట్టలు తక్కువ. కార్లు, హోటళ్ళు, టెలిఫోన్లు, మద్రాసు వీధులు ఎక్కువ. గుట్టలూ లోయలూ అడవులూ నిండిన మిస్టరీ కావాలంటే అది ఇంకో చోట దొరికేది. పిల్లలదని పేరు పెట్టుకుని పెద్దలు కూడా లాక్కుని చదివిన చందమామలో!

తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూకమాంత్రికుడు. ఈ పన్నెండు పేర్లూ గబగబా చదవండి. యాభై దాటినవాళ్ళు ఎవరైనా మీ ఇంట్లో ఉంటే పైకే చదవండి. వాళ్ళ ముఖంలో తేడా మీకే తెలుస్తుంది. 1954లో తోకచుక్కతో మొదలై 1970ల చివరి దాకా, నెల నెలా ఆఖరి పేజీలో ఊపిరి బిగబట్టేలా చేసి 'ఇంకా ఉంది' అని ఆపేసిన ధారావాహికలవి.

వాటిని రాసిన మనిషి పేరు దాసరి సుబ్రహ్మణ్యం. 1932లో పుట్టారు. సొంత జిల్లా గుంటూరు. 1952లో చందమామలో చేరి, అర్ధ శతాబ్దానికి పైగా ఆ ఆఫీసులోనే ఉన్నారు. పైన చక్రపాణి గారు, పక్కన కొడవటిగంటి కుటుంబరావు గారు, బొమ్మలకి చిత్రా గారు. ఒకే కప్పు కింద ఇంతకన్నా మంచి సాహిత్య సాంగత్యం ఎవరికి దొరుకుతుంది చెప్పండి! సుబ్రహ్మణ్యం గారు మాటల్లో లోయ తవ్వితే, చిత్రా గారు ఆ లోయ అంచున గద్ద వాలిన రాయిని కూడా గీసేవారు. ఆ రాయి మీద కాలు పెడితే జారుతుందని చదివే పిల్లవాడికి అర్థమయ్యేది.

ఇందులో అసలు మిస్టరీ ఇంకొకటుంది. ఈ ధారావాహికల మీద రచయిత పేరు ఉండేది కాదు. చందమామ పద్ధతి అది. శిఖిముఖి, విక్రమకేసరి ఎవరో తెలుసు. ఖడ్గవర్మ, జీవదత్తుడు తెలుసు. జయశీలుడు, సిద్ధసాధకుడు తెలుసు. వాళ్ళని పుట్టించిన మనిషి ఎవరో లక్షల మంది పాఠకులకి తెలియదు. డజను పైచిలుకు భాషల్లో వెలువడిన పత్రికలో, ఊపిరి సలపకుండా చదివించిన మనిషి, పేరు లేకుండానే పాతికేళ్ళు రాశాడు.

ఆ గుట్టు విప్పింది పోలీసులూ కాదు, పండితులూ కాదు. పాఠకులే. చిన్నప్పుడు చదివిన కథ మళ్ళీ చదవాలన్న కోరికతో పాత సంచికలు వెతికారు. పాత పుస్తకాల బండ్ల దగ్గర బేరమాడారు. ఒకరి దగ్గర లేని సంచిక ఇంకొకరి దగ్గర దొరికితే జిరాక్సు తీయించుకుని బైండు చేయించుకున్నారు. అలా పోగు చేసుకుంటూ, 'ఇంతకీ ఇది రాసిందెవరు?' అని అడుగుతూ పోయారు. ఆ అడుగుడులోంచే ఆయన పేరు బయటికి వచ్చింది, తర్వాత ఆ ధారావాహికలు పుస్తకాలుగా వచ్చాయి. సుబ్రహ్మణ్యం గారు 2010 జనవరిలో కన్నుమూశారు. చందమామ కూడా ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే ఆగిపోయింది. కథలు మాత్రం ఆగలేదు.

ఇప్పుడు ఆయన పెట్టిన పేర్లు మళ్ళీ చూడండి. రాకాసిలోయ. యక్షపర్వతం. బొమ్మరిల్లు పత్రికకి రాసినదాని పేరు మృత్యులోయ. ఎక్కడో ఒక గుట్ట, దాని వెనక ఒక లోయ, లోయలో ఏదో ఉందని గూడెంవాళ్ళు చెప్పుకునే మాట. ఆ మాట నిజమో కాదో చూసొద్దామని బయల్దేరే ఇద్దరు కుర్రాళ్ళు. మాంత్రికుడి మంత్రం కన్నా మనిషి తెగువే చివరికి గెలుస్తుంది. అడవి మనుషులు పక్కన నిలబడి చూసే పాత్రలు కారు. దారి తెలిసిందీ, నీళ్ళ జాడ తెలిసిందీ వాళ్ళకే. సముద్రం ఒడ్డున మద్రాసులో కుర్చీలో కూర్చుని ఆయన వీటన్నిటినీ కట్టగలిగారంటే కారణం ఒక్కటే. మన జానపద కథల మూస ఆయన చేతికి బాగా తెలుసు.

ఆలోచిస్తే జానపద కథకీ డిటెక్టివ్ కథకీ చుట్టరికం ఉంది. రెండూ ఒకే ప్రశ్నతో మొదలవుతాయి. 'ఇది ఎవరి పని?'

గుట్ట మీద రాతి పలకపై పాదం ఆకారంలో గుంత ఉంటుంది. ఎవరిదది? ఎండాకాలంలో కూడా గుట్ట మీద నీళ్ళు ఉంటాయి. ఎవరు తవ్వారు? మన తాతలు ఈ ప్రశ్నలు వదిలిపెట్టలేదు. తమకు తెలిసిన ఆధారాలతో పరిశోధన చేసి తేల్చేశారు. రామగిరి కింది ఊళ్ళలో అడగండి. 'గది రాముని పాదం బిడ్డా. గది సీతమ్మ కొలను. వనవాసంల ఈడ్నే ఉన్నరు' అంటారు. కోర్టులో ఈ సాక్ష్యం నిలవకపోవచ్చు. కానీ ఆ ఒక్క మాటతో బండరాయి చుట్టమైపోయింది. అది తేలికైన పని కాదు.

అంతటితో ఊరుకోలేదు. మేఘసందేశంలో కాళిదాసు చెప్పిన రామగిరి కూడా ఇదేనని ఇక్కడివాళ్ళ నమ్మకం. కొలువులో ఏమరుపాటుకు కుబేరుడు యక్షుణ్ణి ఏడాది పాటు వెళ్ళగొట్టాడు. వాడు ఆషాఢంలో గుట్ట మీదికి వచ్చిన మబ్బుని చూసి, భార్యకి కబురు తీసుకుపొమ్మని బతిమాలాడు. పండితుల్లో ఎక్కువమంది ఆ రామగిరి నాగపూర్ దగ్గరి రామ్‌టెక్ అంటారు. కానివ్వండి. ఆషాఢంలో ఒక్కసారి బేగంపేట రోడ్డు మీద నిలబడి గుట్ట మీది మబ్బుని చూస్తే, మనవాళ్ళ వాదనలో కూడా పస ఉందనిపిస్తుంది. ఉద్యోగం కోసం భార్యాపిల్లల్ని ఊళ్ళో వదిలి ఖనికి వచ్చిన వేలమంది కార్మికుల సంగతి తలుచుకుంటే, యక్షుడి కష్టం ఈ నేలకి ఏమంత కొత్తది కాదు.

శ్రావణమాసంలో ఈ గుట్టకి జనం వస్తారు. దర్శనానికి కొందరు, మందు మొక్కల కోసం కొందరు. ఆకు చూసి పేరు చెప్పే నాటు వైద్యులు, పుస్తకం పట్టుకుని ఆకు వెతికే ఆయుర్వేద విద్యార్థులు ఒకే దారిలో ఎదురుపడతారు. ఆ మొక్కలకి కూడా కథలున్నాయి. ఏ ఆకు ఎప్పుడు కోయాలి, కోసేముందు ఏమనుకోవాలి అన్నది కూడా జానపదమే. అది పోతే మొక్క ఉన్నా మందు ఉండదు.

ఇలాంటి గుట్టల కథలనే పెట్టుబడిగా పెట్టుకుని ప్రపంచం మెచ్చిన మిస్టరీలు రాసిన మనిషి అమెరికాలో ఒకాయన ఉండేవాడు. పేరు టోనీ హిల్లర్‌మన్. పత్రికా విలేకరిగా జీవితం మొదలుపెట్టి, 1970లో మొదటి నవల వేశాడు. ఆయన డిటెక్టివులు ఇద్దరూ నవాహో తెగకు చెందిన పోలీసులు. ఒకరు లీప్‌హార్న్, ఇంకొకరు జిమ్ చీ. వీళ్ళకి హంతకుణ్ణి పట్టించేది వేలిముద్రలే కాదు. ఏ ఆచారం ఎలా చేస్తారో, చచ్చిపోయిన మనిషి ఇంట్లోకి ఎవరు అడుగు పెట్టరో, ఏ గుట్ట పవిత్రమో తెలిసి ఉండటం. తెలియనివాడు చేసిన తప్పే వాణ్ణి పట్టిస్తుంది. నవాహోలకి తమ నేల అంటే నాలుగు పవిత్ర పర్వతాల మధ్య ఉన్నది. 1987లో ఆ తెగ వాళ్ళే హిల్లర్‌మన్‌ని తమ ప్రత్యేక మిత్రుడిగా సన్మానించారు. 2008లో ఆయన పోయారు.

ఆయన సంగతి ఇక్కడెందుకంటే, ఆ నవాహో నేల కింద కూడా బొగ్గే ఉంది! బ్లాక్ మెసా అనే ఎత్తైన పీఠభూమి మీద దశాబ్దాల పాటు ఓపెన్‌కాస్ట్ గనులు నడిచాయి. చివరిది 2019లో మూతపడింది. అంటే గుట్ట, గుట్ట కింద బొగ్గు, గుట్ట మీద కథ అన్న మూడు ముళ్ళ కథ మనకొక్కరికే కాదు. వాళ్ళ బొగ్గు ఎంత తీశారో లెక్క కంపెనీ పుస్తకాల్లో ఉంది. ఆ నేల మీద మనుషులు దేన్ని నమ్మి ఎలా బతికారో కొంతైనా నవలల్లో ఉంది.

మరి మన సంగతి?

ఖనిలో రచయితలకు ఏనాడూ కరువు లేదు. మంథని దగ్గరి గాజులపల్లిలో పుట్టిన అల్లం రాజయ్య గారు పల్లె కథనీ పోరు కథనీ రాశారు. సాహుతో కలిసి రాసిన 'కొమురం భీం' నవలలో ఆదిలాబాద్ గుట్టల్లోని గోండుల బతుకుని పట్టుకున్నారు. సింగరేణిలోనే పనిచేస్తూ తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు 'పనిపిల్ల', 'చావు విందు' లాంటి కథలు రాశారు. పగలంతా భూమి కింద ఉండి, సాయంత్రం కథ మీద వాదులాడుకున్న మనుషులు ఈ నేలకి కొత్త కాదు. కూలి, గని, ప్రమాదం, సమ్మె, ఆకలి రాయడమే ముందు అవసరమైన కాలం అది. రాశారు. అందుకు మనం రుణపడి ఉన్నాం.

గుట్టల మిస్టరీ మాత్రం మిగిలిపోయింది. దానికి పనికొచ్చే సరుకు మన కాళ్ళ కిందే ఉంది. ఓదెల మల్లన్న దగ్గర పట్నం వేసి ఒగ్గువాళ్ళు కథ ఎత్తుకుంటే తెల్లారేదాకా సాగుతుంది. ఎక్కడ ఆపితే జనం లేవకుండా కూర్చుంటారో వాళ్ళకి తెలిసినంతగా ఏ సీరియల్ రచయితకీ తెలియదు. ధూళికట్ట దగ్గర మట్టిదిబ్బని 1970లలో తవ్వితే రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధ స్తూపం బయటపడింది. చుట్టలు చుట్టుకుని పడగలు విప్పిన ముచిలింద నాగు శిల్పం బయటపడింది. అంతదాకా పశువులు మేసిన దిబ్బ అది! ఇక మన బొగ్గు పొరలకి భూగర్భ శాస్త్రవేత్తలు పెట్టిన పేరు గోండ్వానా. అది గోండుల నేల పేరే. పాతిక కోట్ల ఏళ్ళ నాటి అడవి నల్లగా మారి మన పొయ్యిలోకి వచ్చిందంటే, అంతకన్నా పెద్ద మాయ ఏ మాంత్రికుడు చేయగలడు?

అయితే ఈ సరుకు ఎప్పటికీ ఇలాగే ఉంటుందనుకుంటే పొరపాటు. చిక్కంతా అక్కడే ఉంది.

ఓపెన్‌కాస్ట్ వస్తే ఊరు లేచిపోతుంది. ఇళ్ళకి లెక్క కడతారు. పొలానికి, బావికి, చెట్టుకి లెక్క కడతారు. నష్టపరిహారం ఎక్కువా తక్కువా అని కొట్లాటలూ అవుతాయి. కావలసిందే. కానీ 'ఈ చింతచెట్టు కింద ఫలానా రాత్రి ఫలానాది కనబడింది' అన్న కథకి ఏ పట్టికలోనూ గడి ఉండదు. చెట్టు పోతే ఆ కథకి చోటు ఉండదు. ఊరివాళ్ళు నాలుగు కాలనీలకి చెదిరిపోతే ఆ కథకి వినేవాళ్ళు ఉండరు. పునరావాస కాలనీలో బొడ్రాయి మళ్ళీ పాతుకోవచ్చు, పోచమ్మ గుడి మళ్ళీ కట్టుకోవచ్చు. వాగు ఒడ్డుని మాత్రం తెచ్చుకోలేం. వాగు ఒడ్డు మీద జరిగిన కథ వరుస ఇళ్ళ మధ్య చెబితే, చెప్పే ముసలమ్మకే కాసేపటికి తడబాటు వస్తుంది. 'అగో, ఆడ...' అని చెయ్యి చూపించడానికి ఆడ ఏమీ లేదు కదా!

బొగ్గు వద్దని ఎవరూ అనలేరు. ఈ ప్రాంతంలో ఎన్ని ఇళ్ళలో పొయ్యి వెలుగుతోందో, ఎందరు పిల్లలు చదువుకున్నారో అందరికీ తెలిసిందే. కరెంటు స్విచ్ వేసే ప్రతి చేతికీ అందులో వాటా ఉంది. కాకపోతే బొగ్గు తీయడానికి యంత్రాలున్నాయి, ఇంజనీర్లున్నారు, లక్ష్యాలున్నాయి. కథ తీయడానికి మాత్రం ఎవరూ లేరు. బొగ్గు పొర పాతిక కోట్ల ఏళ్ళు ఆగింది. ఎనభై ఏళ్ళ అవ్వ అన్నాళ్ళు ఆగదు.

అందుకే దాసరి సుబ్రహ్మణ్యం గారి పాఠకులు చేసిన పని గుర్తు చేసింది. వాళ్ళు పరిశోధకులు కారు. గుమాస్తాలు, టీచర్లు, ఇంజనీర్లు, గృహిణులు, ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు. తమకిష్టమైన కథ పోకూడదనుకున్నారు. పోనివ్వలేదు. అచ్చులో ఉన్నదాన్ని వెతకడమే అంత కష్టమైంది. నోట్లో ఉన్నది జారిపోతే ఏ పాత పుస్తకాల బండి మీదా దొరకదు.

పని పెద్దదేమీ కాదు. ఒక నోటుబుక్కు చాలు. సెల్‌ఫోన్లో రికార్డు చేసినా సరే. ఇంట్లో అవ్వనో తాతనో, పక్కింటి రిటైరైన కార్మికుణ్ణో కూర్చోబెట్టి అడగండి. మీ పాత ఊరి గుట్ట పేరేంటి? ఆ పేరెందుకొచ్చింది? రాత్రిపూట ఎటు వెళ్ళొద్దనేవాళ్ళు? ఎందుకు? గనిలో దిగేముందు ఎవరికి మొక్కేవాళ్ళు? చెప్పినవాళ్ళ మాట చెప్పినట్టే రాయండి. పుస్తకం భాషలోకి మార్చకండి. 'ఆడ', 'ఈడ' అలాగే ఉండనివ్వండి. కింద చెప్పినవారి పేరు, ఊరి పేరు, తారీఖు వేయండి. ఊరి పేరు తప్పకుండా వేయండి. కొన్ని ఊళ్ళు ఇక అక్కడ తప్ప ఇంకెక్కడా కనబడవు.

పిల్లలకైతే ఇంకో పని చెప్పొచ్చు. ఈ శ్రావణంలో రామగిరి ఎక్కించండి. పాదం చూపించండి, కొలను చూపించండి, కథ చెప్పండి. కోట గోడ మీద పేర్లు మాత్రం చెక్కనివ్వకండి. దిగొచ్చేటప్పుడు దూరంగా కనబడే మట్టి గుట్టల్ని కూడా చూపించండి. కొన్నిటి మీద మొక్కలు నాటారు. వాన పడితే అవి కూడా పచ్చగానే కనబడతాయి. 'దాని పేరేంటి?' అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. అప్పుడు ఓబీ డంపు అని చెప్పి ఊరుకోకండి. ఆ గుట్ట కింద ఏ ఊరుండేదో, ఆ ఊళ్ళో ఎవరుండేవాళ్ళో, అక్కడి మట్టి ఇక్కడికి ఎలా వచ్చిందో తెలిసినంతవరకూ చెప్పండి. పేరు వాళ్ళనే పెట్టమనండి.